ముగ్గురికీ అభినందనలు

మా ఆఫీసులో ఆందోళనకి ఐదు మెట్లున్నాయి. అన్నిటికన్నా కింది మెట్టు 'గమనిస్తున్నాం'. దాని పైది 'శ్రద్ధగా గమనిస్తున్నాం'. ఆ పైన 'ఆందోళన చెందుతున్నాం', దాని మీద 'తీవ్రంగా ఆందోళన చెందుతున్నాం', చిట్టచివర 'ఖండిస్తున్నాం'. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టు ఎక్కాలంటే సముద్రం అవతల ఉన్న వాళ్ళ రాజధాని నుంచి అనుమతి రావాలి. నేనక్కడ పదిహేనేళ్ళుగా అనువాదకురాలిని. ఐదో మెట్టు నా కళ్ళతో చూడలేదు. నాలుగోది ఒక్కసారి చూశాను, మునిసిపాలిటీవాళ్ళు మా గేటు ముందు చెత్తకుండీ పెట్టినప్పుడు.

అది పరాయి దేశపు దౌత్య కార్యాలయం. మా దేశాన్ని ఏలేవాళ్ళకి వాళ్ళు రాసే ప్రతి ఉత్తరానికీ మా భాషలో ఒక ప్రతి జత చేయాలి. ఆ ప్రతి రాయడం నా పని. మావాళ్ళు చదివేది కూడా దాన్నే. అసలుది పోయి ఏదో బీరువాలో పడుకుంటుంది. ఈ సంగతి మా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అసలుదాని మీద వాళ్ళు పడే కష్టం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

మా తమ్ముడు జైల్లో ఉన్న ఎనిమిది నెలలూ మా ఆఫీసు మొదటి మెట్టు మీదే కాళ్ళు చాపుకుని కూర్చుంది.

వాడు రేడియో స్టేషన్లో ఇంజనీరు. ఒకరోజు అధ్యక్షుడు ప్రసంగిస్తుంటే రేడియో పదకొండు నిమిషాలు మూగబోయింది. కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, అంతే సంగతి. కానీ ఏలేవాళ్ళ కళ్ళకి కరెంటు దానంతటది పోదు, ఎవరో ఒకరు తీసెయ్యాలి. ఆ పూట డ్యూటీలో ఉన్న ముప్పై ఒక్కమందినీ వ్యానెక్కించారు. టీ కాచే ముసలాయన్ని కూడా. కేసు లేదు, విచారణ లేదు, చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి గేటు దాటే దారీ లేదు.

మరదలు దర్జీ పని చేస్తుంది. ఇంటి ముందు గదిలోనే మిషను. వాడు జైలుకెళ్ళినప్పటి నుంచి నెలకొక చొక్కా కుట్టడం మొదలుపెట్టింది. కొలతలు ఆమెకి కంఠతా వచ్చు. కుట్టిన చొక్కా పట్టుకుని జైలు గేటు దాకా పోతుంది, అక్కడ తీసుకోరు, తిరిగి తెచ్చి గోడకున్న కొక్కేనికి తగిలిస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎనిమిది చొక్కాలు. ఆ గదిలోకి వెళ్ళాలంటే నాకు భయం వేసేది.

మొదటి వారంలోనే అడిగింది. "వదినా, మీ రాయబారి గారు ఒక్క మాటంటే చాలదూ?"

"వాళ్ళు మాటలనరే. గమనిస్తారు."

"గమనిస్తే తాళాలు ఊడతాయా?"

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడే ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకుని ఉపరాయబారి దగ్గరికి వెళ్ళాను. 'రేడియో స్టేషన్లో పట్టుకున్న ముప్పై ఒక్కమందిని విడిచిపెడితే మా ప్రభుత్వం సంతోషిస్తుంది.' అంతే. మామూలుగా వెళ్ళే ఏదో ఒక ఉత్తరంలో దీన్ని ఇరికించమని ప్రాధేయపడ్డాను.

ఉపరాయబారిని మేమంతా వెనకాల 'అనుబంధం' అనేవాళ్ళం. ఏ కాగితానికైనా చివర ఒక అనుబంధం తగిలించకపోతే ఆయనకి అన్నం సహించదు. సెలవు చీటీకి కూడా రెండు తగిలిస్తాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

"మీ బాధ నాకర్థమైంది మేడం," అన్నాడు. "ఇది కొత్త విషయం కదా, అభిప్రాయాల కోసం పంపుదాం."

"ఒక్క వాక్యమే కదండీ."

"వాక్యం చిన్నదయ్యేకొద్దీ అభిప్రాయాలు ఎక్కువొస్తాయి," అని నా కాగితాన్ని ఒక గట్టి అట్టలో పెట్టి, దాని మీద వాణిజ్యం, సైన్యం, సంస్కృతి, వీసాలు, భద్రత, భవనాలు అని ఆరు శాఖల పేర్లు రాశాడు. కొత్త విషయం ఏదైనా ఆరు శాఖలూ తిరిగి రావాలన్న నియమం ఆయన పెట్టిందే. వెళ్ళిన అట్ట వెనక్కి రావడం మాత్రం నేనెన్నడూ చూడలేదు. జైలుకైనా పెద్దగేటు ఉంటుంది, దానికి అదీ లేదు.

అలా ఏడు నెలలు గడిచాక అధ్యక్షుడు వైద్యం కోసం విదేశం వెళ్ళాడు. వారం దాటినా కబురు లేదు. రెండు వారాలకి ఆయన కుర్చీ చుట్టూ ముగ్గురు చేరారు: ఆయన బావమరిది అయిన ఉపాధ్యక్షుడు, సేనాపతి, సభాపతి. వీధుల్లో దుకాణాలు మధ్యాహ్నానికే మూసేస్తున్నారు. మా ఆఫీసులో మాత్రం పండు వెన్నెల కాసినట్టు అందరి ముఖాలూ వెలిగాయి. ఎందుకంటే మా దగ్గర ప్రణాళిక ఉంది.

దాని పూర్తి పేరు 'ఆకస్మిక పరిస్థితులకు ముందస్తు ప్రణాళిక'. పందొమ్మిది అనుబంధాలు. గొడవలు మొదలైతే రాయబారి ఎక్కడ ఉండాలన్నది నాలుగోది. నేలమాళిగలో ఉక్కు తలుపుల గది ఉంది, అందులో. అక్కడ ఫోను పనిచేయదన్న సంగతి ఏ అనుబంధంలోనూ లేదు. రాయబారి భార్య పియానోని ఓడ ఎక్కించే పద్ధతి ఏడోది. ఎంతమంది మోయాలి, ఏ కాలు ముందు దింపాలి, అన్నీ ఉన్నాయి. దాన్ని మా భాషలోకి మార్చమని నాకే ఇచ్చారు, మోసేవాళ్ళు మావాళ్ళు కదా. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికెవడో. పళ్ళు బిగపట్టి మార్చిచ్చాను.

పదకొండో అనుబంధం అభినందన లేఖలు. దీనికో కథ ఉంది. కిందటిసారి అధ్యక్షుడు గద్దెనెక్కినప్పుడు వీళ్ళ అభినందనలు నాలుగోవిగా చేరాయట. ప్రమాణ స్వీకారంలో మా రాయబారిని స్తంభం వెనక కూర్చోబెట్టారు. రెండు గంటల సేపు ఆయన స్తంభాన్ని అభినందించి వచ్చాడు. ఆ అవమానం రాజధాని దాకా పాకింది. ఈసారి మొదటి ఉత్తరం మనదే కావాలని ఆజ్ఞ. అందుకని ముగ్గురికీ మూడు లేఖలు ముందే సిద్ధం చేసి, సంతకాలు చేయించి, కవర్లలో పెట్టి ఉంచాలి. రేడియోలో ఎవరి పేరు వస్తే వాళ్ళ కవరు గంటలోపు వెళ్ళాలి. తక్కినవి కాల్చెయ్యాలి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే నవ్వుకునేవాళ్ళం. ఇక్కడ ముగ్గురు కొడుకులు.

మూడు లేఖలూ నా బల్ల మీదకి వచ్చాయి. పేరు తప్ప మూడూ ఒకటే, నాలుగేసి పేరాలు. మీ దూరదృష్టి, మీ ధైర్యం, మన చిరకాల స్నేహం. మూడో పేరా చివర కాస్త చోటున్నట్టు అనిపించింది నాకు. మనసులో చోటుంటే కాగితం మీద చోటు దానంతటదే దొరుకుతుంది.

రాశాను. మూడింట్లోనూ రాశాను. ఏడు నెలల కిందట అట్టలో పెట్టి పంపిన అదే వాక్యం, ఒక్క అక్షరం మార్చకుండా.

దొరికిపోతే ఉద్యోగం ఒక్కటే కాదు, నేనూ వాడి పక్క గదిలోకే పోతాను. కానీ అనుబంధం మా భాషలో 'బాగున్నారా' అనడం వరకే నేర్చుకున్నాడు. అనువాదాన్ని ఆయన సరిచూసే పద్ధతి ఏమిటంటే పేరాలు లెక్కపెట్టడం. అసలులో నాలుగు, నకలులో నాలుగు. వేలితో రెండుసార్లు లెక్కపెట్టి, "బ్రహ్మాండం," అని పొట్టి సంతకం గీశాడు.

రాయబారి సంతకం పెట్టే ముందు కళ్ళజోడు మీంచి నన్ను చూశాడు. "అంతా మర్యాదగానే ఉంది కదా?"

"చాలా మర్యాదగా ఉందండి," అన్నాను. అబద్ధం కాదు. 'సంతోషిస్తుంది' కన్నా మర్యాద అయిన మాట ఏముంటుంది?

ఇక గురువారం ఉదయం. తొమ్మిదింటికి రేడియోలో బ్యాండు మోగి, సేనాపతి పగ్గాలు చేపట్టాడని ప్రకటన వచ్చింది. అనుబంధం ఎగిరి గంతేసినంత పనిచేశాడు. రాయబారిని నాలుగో అనుబంధం ప్రకారం నేలమాళిగలోకి దింపి, ఉక్కు తలుపులు మూయించాడు. ఎర్ర పట్టీ ఉన్న కవరు తీసి టపా మోసే బాబాయికి ఇచ్చాడు. బాబాయికి అరవైకి రెండేళ్ళు తక్కువ. ఆయన మోటారు సైకిలుకి అంతకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. అయినా పదిన్నర కాకుండానే ఇచ్చి వచ్చేశాడు.

"మనదే మొదటిదా?" అని అడిగాడు అనుబంధం ఆత్రంగా.

"మనదేనండి. సేనాపతి గారు నైట్‌డ్రెస్‌లోనే సంతకం పెట్టి తీసుకున్నారు."

అనుబంధం కుర్చీలో వెనక్కి వాలాడు. మిగతా రెండు కవర్లూ కాల్చడానికి అగ్గిపెట్టె కోసం సొరుగు వెతుకుతున్నాడు. సరిగ్గా అప్పుడే రేడియోలో ఇంకో గొంతు. సేనాపతిది తిరుగుబాటనీ, చట్టప్రకారం ఉపాధ్యక్షుడే అధ్యక్షుడనీ. అనుబంధం అగ్గిపెట్టె కింద పెట్టి ప్రణాళిక తెరిచాడు. వేలు పెట్టి చదివాడు. 'రేడియోలో ప్రకటన వచ్చిన గంటలోపు సంబంధిత లేఖ పంపవలెను.' నీలం పట్టీ ఉన్న కవరు తీశాడు.

బాబాయి అటూ ఇటూ చూశాడు. "సార్, ఇందాకే ఒకరికి ఇచ్చొచ్చాను కదండీ?"

"దానికీ దీనికీ సంబంధం లేదు. అది పదకొండు-అ. ఇది పదకొండు-ఆ."

"ఒకసారి పెద్దాయన్ని అడిగితే..."

"ఆయన సురక్షిత గదిలో ఉన్నారు. అక్కడ ఫోను పనిచేయదు."

"పోనీ తలుపు కొట్టి..."

"తలుపు కొడితే ప్రమాదమని అర్థం. అది వేరే అనుబంధం."

బాబాయి నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నోరు తెరిస్తే ఆగిపోతుందని తెలుసు. అందుకే తెరవలేదు. సిగ్గుపడటం లేదు ఇప్పటికీ.

పన్నెండు దాటాక మూడో ప్రకటన. సభ అత్యవసరంగా సమావేశమై సభాపతికి అధికారం అప్పగించింది. ఆకుపచ్చ కవరు కూడా బయలుదేరింది. అనుబంధం మూడు గడుల్లోనూ టిక్కు పెట్టుకుని, "ప్రణాళిక అంటే ఇదీ," అన్నాడు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళని చూశాను గానీ, ఒకే ఎండకి మూడు గొడుగులు పట్టినవాణ్ణి ఈయన్నే చూశాను.

తర్వాత జరిగింది తమ్ముడు చెప్పిందీ నేను ఊహించిందీ కలిపితే తెలిసింది.

ముగ్గురిలో ఎవరికి వారు చేతిలో ఒక విదేశీ ప్రభుత్వం గుర్తింపు లేఖ పట్టుకుని కూర్చున్నారు. తక్కిన ఇద్దరికీ అదే వచ్చిందని ఎవరికీ తెలియదు. ఆ లేఖలో ఆ ప్రభుత్వం కోరింది ఒకే ఒక్కటి, పైసా ఖర్చు లేనిది. అది వెంటనే చేసేస్తే గుర్తింపు గట్టిపడుతుంది. మూడు చోట్ల నుంచి మూడు ఆజ్ఞలు జైలుకి బయలుదేరాయి.

మొదటి ఆజ్ఞ వచ్చినప్పుడు జైలరు వాళ్ళని గదుల్లోంచి తీసి పెరట్లో నిలబెట్టాడట. రేపు ఇంకొకడు గద్దెనెక్కి ఎందుకు వదిలావంటే ఏం చెప్పాలని గేటు తీయలేదు. రెండోది రాగానే తల గోక్కున్నాడట. మూడోది చదివి, కుర్చీ తెప్పించుకుని పెరట్లోనే కూర్చున్నాడట. "పొద్దున్నించి ఈ ముగ్గురూ ఒకళ్ళ పీక ఒకళ్ళు పట్టుకుంటున్నారు. ఒక్క దీంట్లో మాత్రం ఒప్పుకున్నారంటే ఇది న్యాయమన్నా అయ్యుండాలి, పొరపాటన్నా అయ్యుండాలి. ఏదైనా నా మీదికి రాదు," అన్నాడట. అని మూడు రిజిస్టర్లు తెరిచి, ముప్పై ఒక్కమంది చేతా మూడేసి సంతకాలు పెట్టించుకుని గేటు తీశాడు.

సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మరదలు ఒక చొక్కా తొడిగి చూసింది. భుజాలు మోచేతుల దాకా జారాయి. ఇంకోటి తొడిగింది. అదీ అంతే. ఎనిమిదీ తొడిగి చూసింది. ఒక్కటీ సరిపోలేదు. ఎనిమిది నెలలూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వాడు మాత్రం, "ఎందుకే, చొక్కాలు బానే ఉన్నాయి, నేనే వదులయ్యాను," అన్నాడు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ మంచిపని చేసినవాళ్ళకి కృతజ్ఞత చెప్పే జబ్బు కొందరికి ఉంటుంది.

నాలుగు రోజుల తర్వాత ఆ ముగ్గురూ ఎవరినెవరూ పడగొట్టలేక ఉమ్మడి మండలి అని పేరు పెట్టుకుని ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. మా రాయబారి నేలమాళిగ నుంచి పైకి వచ్చేసరికి రాజధాని నుంచి మెచ్చుకోలు వచ్చి ఉంది: మూడు పక్షాలనూ సమానంగా గౌరవించిన ఏకైక దేశం మనదేనట. కాగల కార్యం గంధర్వులు తీర్చారు. అనుబంధానికి పదోన్నతి కూడా అన్నారు. ఆ సంబరంలో ఉండగా మండలి నుంచి ఉత్తరం వచ్చింది. ఖర్మకొద్దీ మా రాయబారి భాషలోనే. మండలికీ ఒక అనువాదకుడు దొరికాడన్నమాట.

'తమరు కోరిన విధంగా రేడియో ఉద్యోగులు ముప్పై ఒక్కమందిని విడుదల చేశాం.'

అనుబంధం నన్ను పిలిచి తలుపు వేశాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. "మేడం, ఈ వాక్యం ఎవరిది?"

"నాదేనండి."

"అనుమతి లేకుండానా?"

"అభిప్రాయాల కోసం వెళ్ళింది కదండీ. ఏడు నెలలు చూశాను."

ఆయన లేచి గదంతా తిరిగాడు. నన్ను తీసెయ్యాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే రాయబారి చదవని కాగితం మీద సంతకం పెట్టాడని రాయాలి, దాన్ని సరిచూసింది తనేనని రాయాలి, పదోన్నతికి నీళ్ళొదులుకోవాలి. చివరికి కూర్చుని తనే స్వయంగా రాశాడు: 'సదరు ముప్పై ఒక్కమంది విషయంలో మా ప్రభుత్వానికి ఎలాంటి అభిప్రాయమూ లేదు. పూర్వపు వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాం.'

"దీన్ని ఉన్నదున్నట్టు అనువదించండి. ఈసారి బయట ఇంకొకరితో చదివిస్తాను."

ఈ కాగితం వెళ్తే ఏమవుతుందో ఆయనకి తెలియదు, నాకు తెలుసు. అడిగినవాళ్ళే అడగలేదంటే, ముగ్గురూ ఆ సాయంత్రమే వ్యాను పంపుతారు. మరదలు చొక్కాలకి కొత్త కుట్లు వేస్తోంది. వాడు ఇంకా వెలుతురుకి కళ్ళు చిట్లిస్తున్నాడు.

ఆయన ముందు ఏడవకూడదనుకున్నాను. పదిహేనేళ్ళు అక్కడ నేర్చుకున్నది ఒక్కసారిగా అక్కరకొచ్చింది.

"తప్పకుండానండి," అన్నాను. "కానీ మన ఆఫీసు ఇంతవరకూ ఏ వాక్యాన్నీ ఉపసంహరించుకోలేదు. ఇది కొత్త విషయం కాదంటారా?"

ఆయన కలం గాల్లోనే ఆగింది. నియమం ఆయనదే. చాలాసేపు నా ముఖం చూశాడు. చూసి చూసి, బీరువాలోంచి ఒక కొత్త అట్ట తీసి, దాని మీద తన గుండ్రటి అక్షరాలతో వరసగా రాశాడు: వాణిజ్యం, సైన్యం, సంస్కృతి, వీసాలు, భద్రత, భవనాలు.

అర్థమయ్యే రాశాడో, అలవాటు కొద్దీ రాశాడో నాకు ఈనాటికీ తెలియదు. మర్నాడు నన్ను అనువాదం నుంచి తీసేసి స్టోరుకి మార్చాడు. కారణం దగ్గర 'పరిపాలనా సౌలభ్యం' అని ఉంది.

స్టోరులో పనికిమాలిన కాగితాలు చింపడం నా పని. నెల తిరక్కుండానే ఒక అట్ట వచ్చింది. లోపల నా చేతిరాత చూసి గుర్తుపట్టాను. నా మొదటి కాగితం, ఆరు శాఖలూ తిరిగి ఇన్నాళ్ళకి ఇల్లు చేరింది. వాణిజ్యంవాళ్ళు 'మాకు సంబంధం లేదు' అన్నారు. సంస్కృతివాళ్ళు 'సంతోషిస్తుంది' బదులు 'హర్షిస్తుంది' అంటే హుందాగా ఉంటుందన్నారు. భవనాలవాళ్ళు 'అభ్యంతరం లేదు, తగిన సమయం మాత్రం కాదు' అన్నారు. అట్టడుగున అనుబంధం సంతకం: 'సదరు వ్యక్తులు ఇప్పటికే విడుదలైనందున చర్య అవసరం లేదు. చింపివేయవచ్చు.'

కాగితం చింపాను. అట్ట చింపలేదు. ఇంటికి తెచ్చాను.

మరదలు దాన్ని అటూ ఇటూ వంచి చూసి, తమ్ముణ్ణి నిలబెట్టి మెడ చుట్టూ టేపు పెట్టింది. కొత్త కొలత అట్ట మీద సుద్దతో గీసి, వాణిజ్యం దగ్గర మొదలుపెట్టి భవనాల దాకా కత్తెర నడిపింది. కాలర్ అచ్చు తయారైంది.

"అట్ట భలే గట్టిది వదినా. ఇంకోటి దొరుకుతుందా?"

"ఇంకోటి తిరుగుతోందే. ప్రస్తుతం సైన్యంవాళ్ళ దగ్గరుంది. వచ్చేసరికి ఏడెనిమిది నెలలు పడుతుంది."

వాళ్ళకి ఆ రెండో అట్టలో ఏముందో చెప్పలేదు. చెప్పను కూడా. అది తిరుగుతున్నన్నాళ్ళూ వాడు ఇంట్లో ఉంటాడు. నేను చేయగలిగిందల్లా రోజూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి, అది ఇంకా తిరుగుతోందో లేదో కనుక్కోవడం.

"మంచిదేలే," అంది మరదలు, వాడి మెడ మీంచి టేపు తీస్తూ. "అప్పటికి ఈయన కాస్త ఒళ్ళు చేస్తాడు. ఎలాగూ కొత్త కొలత కావాలి."